పేరు తెలియని ముఖాలు: నాచా నుండి వెండితెర వరకు

నటుల చరిత్ర వ్రాయబూనినవారు ఎక్కువగా నాయక పాత్రధారుల చరిత్రనే వ్రాస్తారు. సింహాసనం మీద కూర్చున్న రాజు జ్ఞాపకం ఉంటాడు. ఆయనకు వార్త తెచ్చిన భటుడు, అప్పు తీర్చుమని వాకిట నిలిచిన షావుకారు, బాటసారికి దారి చూపిన ముసలివాడు జ్ఞాపకం ఉండరు. అయినా నాటకం గాని చలనచిత్రం గాని నిజమని మనకు తోచడానికి ఎక్కువగా కారకులు వీరే. రాజును మనం ఎన్నడూ చూచి ఉండము. షావుకారును ప్రతి ఊరిలోను చూచి ఉన్నాము. ఎరుగని మనిషిని ఊహించి చూపడం కంటె, అందరూ ఎరిగిన మనిషిని అచ్చముగా చూపడం కష్టమైన పని. ఇట్టి పాత్రలు ధరించడమే వృత్తిగా పెట్టుకున్నవారిని క్యారెక్టర్ నటులని, గుణచిత్ర నటులని అంటున్నాము. వారి ముఖం అందరికీ తెలుసు. పేరు చాలమందికి తెలియదు.

తెలుగు ప్రేక్షకులు ఈ విషయంలో కొంత అదృష్టవంతులు. సి. ఎస్. ఆర్. ఆంజనేయులు, రమణారెడ్డి, గుమ్మడి వెంకటేశ్వరరావు వంటి నటుల పేర్లను వారు నాయక నటుల పేర్లతో సమానంగానే గుర్తుంచుకున్నారు. అమెరికాలో ఈ గౌరవం మరొక విధంగా సమకూడినది. అక్కడి చిత్రనిర్మాణ సంస్థలు 1930, 1940 దశకాలలో వందలాది నటులను దీర్ఘకాలపు ఒప్పందాల మీద వారపు జీతాలిచ్చి నియమించుకున్నాయి. నేడు గుర్రపుశాలలో పనివాడు, రేపు న్యాయాధిపతి, ఎల్లుండి తాగుబోతు - ఏ వేషమైనా జీతం మాత్రం ఆగేది కాదు. 1936వ సంవత్సరపు చిత్రాలకు ఆస్కార్ బహుమతులు ఇచ్చేటప్పుడు సహాయ నటునికి ప్రత్యేక బహుమతిని మొదటిసారిగా ఏర్పరచారు. దానిని గెలుచుకున్న వాల్టర్ బ్రెనన్ 1938, 1940 సంవత్సరాల చిత్రాలకు కూడా అదే బహుమతిని పొందినాడు. నడివయసులోనే ముసలివారి వేషాలకు పేరుపడిన నటుడాయన. 1948లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వలన నిర్మాణ సంస్థలకు సినిమాహాళ్ళ మీద ఉన్న పట్టు సడలినది. కొద్ది సంవత్సరాలలో జీతపు ఒప్పందాలు కూడా క్షీణించినాయి. ఆ నటులలో చాలమందిని అప్పుడే ఇంటింటికి వస్తున్న టెలివిజన్ ఆదుకొన్నది. బ్రెనన్ సైతం 1957 నుండి 1963 వరకు 'ది రియల్ మెకాయ్స్' అనే ధారావాహికలో తాత వేషం ధరించి, సినిమాహాలుకు పోనివారికి కూడా పరిచితుడైనాడు. ఒక ఆధారం పోతే మరొక ఆధారం దొరికినది; నటుని నైపుణ్యానికి ఎప్పుడూ ఒక ఉద్యోగం ఉన్నది.

అంతటి నైపుణ్యమే ఉండి, అట్టి ఆధారం ఏదీ లేని నటుల గతి ఏమైనది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకవలసిన చోట్లలో ఒకటి ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్-భిలాయి ప్రాంతం.

భిలాయి అనగానే దేశానికి ఉక్కు జ్ఞాపకం వస్తుంది. సోవియట్ సహాయంతో ఇచట కర్మాగారం నిర్మించడానికి 1955 ఫిబ్రవరిలో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి ఊదు కొలిమిని ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీయాలన్నది తొలి సంకల్పం. వరి పండే గ్రామాలు అనేకం ఆ నిర్మాణంలో కలిసిపోయినాయి. బెంగాలు, పంజాబు, కేరళ, బీహారుల నుండి, ఆంధ్రదేశం నుండి కూడా వేలకొలది కుటుంబాలు పని వెదుకుకొంటూ వచ్చి, సెక్టర్లుగా విభజించిన ఆ కొత్త పట్టణంలో స్థిరపడినాయి. నాడు మధ్యప్రదేశ్‌లో ఉండిన ఈ ప్రాంతం 2000 నవంబరు 1వ తేదీ నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరినది. కాని కొలిమి వెలిగించక పూర్వమే ఈ పొలాల నడుమ మరొక వెలుగు ఉండేది. అది నాచా ఆడే చోట వెలిగే కాగడా వెలుగు.

నాచా ఒక రాత్రి సాగే ఆట. కోతలు ముగిసిన తరువాత, జాతర్లలోను పెండ్లిండ్లలోను, ఊరి నడుమ ఖాళీస్థలంలో జరుగుతుంది. తెర లేదు, అరుగు ఉంటే ఉన్నది, లేకుంటే లేదు. పూర్వం వాద్యకారులు తబలాను నడుముకు కట్టుకొని, చికారా అనే తంత్రీవాద్యాన్ని చేతబట్టి నిలుచుండియే వాయించేవారు. తరువాతి కాలంలో హార్మోనియంతో కూర్చుండి వాయించడం అలవాటైనది. మొదట జొక్కడ్‌లు, అంటే హాస్యగాండ్రు, ఇద్దరు ప్రవేశిస్తారు. పిదప నెత్తిన చెంబు పెట్టుకొని స్త్రీవేషంలో పురుషుడు నర్తిస్తూ వస్తాడు. అతనిని 'పరీ' అంటారు. ఆ మీదట 'గమ్మత్'లు మొదలవుతాయి. తెలుగువారు గమ్మత్తు అనే మాటకు ఇది చుట్టమే. ఇక్కడ దానికి అర్థం చిన్న హాస్యరూపకం. భార్యను అనుమానించే భర్త, దొంగలెక్క వ్రాసే వడ్డీవ్యాపారి, మడి కట్టుకొని మోసం చేసే సాధువు, కూలివాణ్ణి బెదిరించే జవాను ఇందులోని పాత్రలు. వ్రాతప్రతి ఉండదు. కథ తెలుసు, మాటలు ఆ రాత్రి పుడతాయి. తోలుబొమ్మలాటలో కేతిగాడు ఏ చనువుతో ఊరి పెద్దను ఎత్తిపొడుస్తాడో, జొక్కడ్‌కు కూడ అదే చనువు.

ఈ కళను ఒక దళంగా, ఒక వృత్తిగా తీర్చినవారిలో అగ్రగణ్యుడు రాజనందగావ్ ప్రాంతంలోని రవేలీ గ్రామానికి చెందిన దులార్ సింగ్. దావు మందరాజీ అని లోకం ఆయనను పిలిచినది. 1911లో భూస్వామి కుటుంబంలో జన్మించిన మందరాజీ 1920ల చివర తన గ్రామంలో నాచా దళాన్ని కూర్చి, మంచి నటుడు ఏ ఊరిలో ఉన్నాడన్నా తెచ్చి చేర్చుకొనేవాడు. హార్మోనియం నాచాలో ప్రవేశించడానికి ముఖ్యకారకుడు ఆయనే అంటారు. పొలాలు ఒకటొకటిగా ఈ దళానికే ఖర్చయినాయి. 1984లో ఆయన పేదవాడుగానే మరణించాడు. రవేలీ, రింగ్నీ గ్రామాల దళాలు ఆ రోజులలో ప్రసిద్ధమైనవి. మదన్‌లాల్ నిషాద్, ఠాకూర్ రాం, భుల్వా రాం, లాలూ రాం మొదలైన నటులు ఆ నాచా వాతావరణంలో పెరిగినవారే. వారిలో పెక్కుమందికి చదువు లేదు. పగలు పొలంలో పని, రాత్రి ఆట. ఊరూరా పేరు ఉండేది. ఆ పేరు జిల్లా పొలిమేర దాటేది కాదు.

పొలిమేర దాటించినవాడు హబీబ్ తన్వీర్. 1923లో రాయపూర్‌లో జన్మించి, నాగపూర్‌లో చదివి, బొంబాయిలో ప్రజానాట్య ఉద్యమంలో పనిచేసి, 1955లో నాటకవిద్యాభ్యాసానికి ఇంగ్లండు వెళ్ళిన తన్వీర్, ఐరోపా దేశాలు తిరిగి 1958లో స్వదేశానికి వచ్చారు. బెర్లిన్‌లో బ్రెహ్ట్ నాటకాలను చూచి వచ్చిన ఆ కళ్ళు రాయపూర్‌లో ఒక రాత్రి తెల్లవారే దాకా నాచా చూచినాయి. అంతవరకు విదేశాలలో వెదకినది తన ఇంటి వాకిట ఉన్నదని ఆయనకు తోచినది. మదన్‌లాల్, ఠాకూర్ రాం, భుల్వా రాం, లాలూ రాం మొదలైన ఆరుగురిని ఢిల్లీకి తీసుకొనిపోయి, శూద్రకుని మృచ్ఛకటికాన్ని 'మిట్టీ కీ గాడీ' అనే పేరుతో ప్రదర్శించారు. 1959లో మోనికా మిశ్రాతో కలిసి 'నయా థియేటర్' స్థాపించారు.

ఈ ఘట్టాన్ని విజయగాథగా చెప్పడం పరిపాటి. వాస్తవానికి తొలి పది పన్నెండు సంవత్సరాలు చిక్కులతోనే గడచినాయి. తన్వీర్ ఈ నటుల చేత హిందీలో మాట్లాడించారు. ఇంగ్లండులో నేర్చిన పద్ధతి ప్రకారం, ఈ మాట దగ్గర కుడికి రెండడుగులు, ఆ మాట దగ్గర ఎడమకు తిరగాలి అని నిర్దేశించారు. ఊరిలో వేలమందిని నవ్వించిన ఠాకూర్ రాం వంటి నటుడు ఢిల్లీ రంగస్థలం మీద బిగుసుకొనిపోయేవాడు. లోపం ఎక్కడ ఉన్నదో తెలియడానికి దర్శకునికి సంవత్సరాలు పట్టినది. ఆ తప్పును ఆయన తరువాత దాచుకోలేదు. తప్పులు రెండని స్వయంగా చెప్పుకొన్నారు. మొదటిది, మాతృభాషను తీసివేయడం. ఛత్తీస్‌గఢీలో మాట పుట్టే వేగం వేరు. హిందీలో ప్రతి మాటను అప్పు తెచ్చుకొన్నట్లు తెచ్చుకోవాలి. రెండవది, కదలికను కట్టివేయడం. నాచా నటునికి మూడు వైపుల జనం ఉంటారు. ఏ వైపు నుండి నవ్వు వినబడితే ఆ వైపుకు అతడు తిరుగుతాడు. వేలమంది ఊపిరిని బట్టి అడుగు వేసేవాడిని సుద్దగీతల మీద నడువుమంటే ఎట్లు నడువగలడు?

ఆ రెండు కట్లు విప్పిన సంవత్సరం 1973. రాయపూర్‌లో జరిగిన శిక్షణ శిబిరంలో నాచా గమ్మత్‌లను కలిపి 'గాంవ్ కే నాంవ్ ససురాల్, మోర్ నాంవ్ దామాద్' అనే నాటకం తయారైనది. నటులు తమ భాషలో మాట్లాడినారు, తమ చిత్తం వచ్చినట్లు తిరిగినారు. ఢిల్లీ ప్రేక్షకులకు భాష సగమే తెలిసినా ఆట అంతా తెలిసినది. అంతకు రెండు సంవత్సరాల ముందే, 1971లో, దుర్గ్ సమీపాన బఘేరా గ్రామంలో దావు రామచంద్ర దేశ్‌ముఖ్ 'చందైనీ గోందా'ను వేలాది గ్రామస్థుల ఎదుట ప్రదర్శింపజేశారు. ఒకరిది నగరాలకు పోయిన దారి, మరొకరిది గ్రామంలోనే నిలిచిన దారి. రెండింటికీ సొమ్ము ఒకటే, ఈ నేల నటుల గొంతు.

1974లో భిలాయిలో జరిగిన ఒక శిబిరం ఈ కథకు మలుపు. రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా చెప్పిన ఒక దొంగ కథను తన్వీర్ నటుల ముందు పెట్టి, ఆశువుగా ఆడించసాగారు. బంగారు పళ్ళెంలో తినను, ఏనుగుపై ఊరేగను, రాణిని పెండ్లాడను, రాజ్యం ఇచ్చినా పుచ్చుకోను అని ఒక దొంగ గురువు ఎదుట ప్రమాణం చేస్తాడు. అవి తనకు ఎన్నడూ దొరకవు కదా అన్న ధైర్యం అతనిది. గురువు మరొక ప్రమాణం కూడా అడుగుతాడు: అబద్ధం ఆడరాదు. చివరకు ఆ నాలుగూ అతని ఎదుటికి నడచి వస్తాయి. మాట తప్పలేక దొంగ ప్రాణం విడుస్తాడు. ఆ సమయంలోనే భిలాయి మైదానంలో సత్నామీల సమావేశం జరిగినది. సత్యమే దైవమని బోధించిన గురు ఘాసీదాస్ అనుయాయులు వారు. ఇంకా పూర్తి రూపం రాని ఆ నాటకాన్ని 'చోర్ చోర్' అనే పేరుతో ఆ జనసమూహం ఎదుట ఆడినారు. సత్యం కోసం చచ్చిన దొంగ, సత్యాన్ని దైవమన్న ప్రజలకు పరాయివాడు కాలేదు. వారి పంథీ నృత్యగీతాలు ఆ పిమ్మట నాటకంలోనే భాగమైనాయి.

అదే మరుసటి సంవత్సరం 'చరణదాస్ చోర్'గా పూర్తయినది. 1982లో ఎడింబరో ఉత్సవంలో 'ఫ్రింజ్ ఫస్ట్' బహుమతి పొందినది. తొలి చరణదాసు వేషం మదన్‌లాల్‌ది. రాణి వేషం ధరించిన ఫిదాబాయి దేవార్ అనే సంచార గాయక కులానికి చెందిన స్త్రీ; పురుషుడే 'పరీ'గా ఆడిన రంగం మీదికి ఆమె, మాలాబాయి వంటివారు రావడం చిన్న మార్పు కాదు. 1975లోనే శ్యాం బెనెగల్ బాలల చలనచిత్ర సంస్థ కోసం ఈ కథను చిత్రంగా తీశారు. అందులో చరణదాసు లాలూ రాం. రాకుమారి అప్పుడప్పుడే చిత్రరంగంలో అడుగుపెట్టిన స్మితా పాటిల్. ఆ చిత్రం చూచిన పిల్లలు దొంగను మరచిపోలేదు. కాని లాలూ రాం పేరు ఎందరికి తెలుసు? ఆనాటి కొత్త నటి పేరు కొద్ది సంవత్సరాలలో దేశమంతటా వినబడినది. ఇరవై సంవత్సరాల అనుభవం గల నాయకుని పేరు ఛత్తీస్‌గఢ్ దాటి వినబడలేదు.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. తన్వీర్ ఈ నటులకు నెలజీతం ఏర్పాటు చేయడానికి జీవితమంతా శ్రమపడినారు. 1972 నుండి 1978 వరకు రాజ్యసభ సభ్యులుగా ఉన్న కాలంలో తమ నివాసాన్నే వారికి నివాసం చేశారు. అయినా పేరుప్రతిష్ఠల పంపకంలో తేడా మిగిలినది. తన్వీర్‌కు 1969లో సంగీత నాటక అకాడమీ బహుమతి, 1983లో పద్మశ్రీ, 2002లో పద్మభూషణ్ లభించినాయి. ఆయన వాటికి అర్హులే. అదే రంగం మీద నిలిచిన గోవిందరాం నిర్మల్కర్ సంగతి చూడండి. 1935లో రాజనందగావ్ సమీపాన మోహరా గ్రామంలో జన్మించి, మదన్ నిషాద్ వద్ద నాచా నేర్చి, నయా థియేటర్‌లో చేరి, చరణదాసు వేషాన్ని దేశవిదేశాలలో ధరించినవాడాయన. పద్మశ్రీ 2009లో వచ్చినది. అప్పటికి వయసు 70 దాటినది. అకాడమీ బహుమతి 2012వ సంవత్సరానిది. చివరి రోజులు అనారోగ్యంతోను ఆర్థికమైన ఇబ్బందులతోను గడచినాయి. 2014లో ఆయన మరణించాడు. ఒక దొంగ బంగారు పళ్ళెం వద్దనడాన్ని వేలసార్లు ఆడిన నటునికి, ఎవరూ బంగారు పళ్ళెం చూపలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఈ నేలమీదనే ఉన్నది. భిలాయికి కొద్ది మైళ్ళ దూరంలోని గనియారీ గ్రామపు తీజన్ బాయి నటి కాదు, పండవానీ గాయని. కాని ఆమె చేతిలోని తంబూరా ఒక క్షణం భీముని గద, మరుక్షణం అర్జునుని ధనుస్సు. ఒక్కతే భారతంలోని పాత్రలన్నీ ధరిస్తుంది. స్త్రీలు కూర్చుండి పాడవలసిన కథను ఆమె నిలుచుండి, పురుషుల కాపాలిక పద్ధతిలో పాడినందుకు కులం వెలివేసినది. పదమూడవ ఏట తొలి ప్రదర్శనకు ముట్టినది పది రూపాయలు. ఆమెకు భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చినది. బెనెగల్ దూరదర్శన్ కోసం తీసిన 'భారత్ ఏక్ ఖోజ్' ధారావాహికలో భారతకథా ఘట్టాలలో దేశం ఆమె గొంతు విన్నది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించినాయి. అమెరికా నటునికి చిత్రసంస్థ ఇచ్చిన నెలవును ఇక్కడ ఒక కళాకారిణికి ఉక్కు కర్మాగారం ఇచ్చినది. ప్రతిభ ఆమె సొంతం. ఆ ప్రతిభ ఆకలికి లొంగకుండా నిలువడానికి జీతం తోడ్పడినది. ఆ తోడ్పాటు మదన్‌లాల్‌కో లాలూ రాంకో దొరికి ఉంటే ఎట్లుండేదో ఊహించవచ్చును.

2009 జూన్ 8వ తేదీన హబీబ్ తన్వీర్ భోపాల్‌లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ఆగస్టులో 'పీప్లీ లైవ్' అనే హిందీ చిత్రం విడుదల అయినది. అనూషా రిజ్వీ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో ముఖ్యపాత్ర నత్థా అనే అప్పులపాలైన రైతు. ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి సర్కారు సొమ్ము వస్తుందని అన్న బుధియా నచ్చజెప్పగా నత్థా తల ఊపుతాడు. ఆ మాట పత్రికలకు పొక్కి, టెలివిజన్ వారు గ్రామాన్ని ముట్టడిస్తారు. ఈ వేషం వేయాలని నిర్మాత ఆమిర్ ఖాన్ మొదట తానే అనుకొన్నారు. భిలాయి నివాసి, నయా థియేటర్ నటుడు ఓంకార్ దాస్ మాణిక్‌పురి నటన చూచిన తరువాత ఆ ఆలోచన విరమించుకొన్నారు. చిత్రంలో గ్రామస్థుల వేషాలు ధరించినవారిలో కూడ పలువురు నయా థియేటర్ నటులే. మట్టిదేహం గురించి గంగారాం సాఖేత్ రచించిన ఛత్తీస్‌గఢీ పాటను తన్వీర్ కుమార్తె నగీన్ పాడినది.

నత్థా దాదాపు మాట్లాడడు. మాటలపుట్ట అయిన నాచాలో ఆరితేరిన నటుడు మౌనంతో చిత్రాన్ని నడిపించడం మొదట ఆశ్చర్యంగా తోస్తుంది. ఆలోచిస్తే ఆశ్చర్యం ఉండదు. జొక్కడ్ విద్యలో సగం మాట, సగం ఎదుటివాడి మాటకు ముఖం చూపడం. నత్థా చుట్టూ అన్న, భార్య, తల్లి, అధికారులు, విలేఖరులు అందరూ మాట్లాడుతారు, అతడు వింటాడు. ఆ వినడంలోనే మనకు నవ్వు వస్తుంది, ఆ నవ్వు వెంట సిగ్గు వస్తుంది. చివర నత్థా చచ్చిపోయినాడని లోకం నమ్ముతుంది. కాని చిత్రపు ఆఖరి దృశ్యంలో అతడు మహానగరపు అంచున కట్టుతున్న భవనాల మధ్య దుమ్ము కొట్టుకొని కూర్చున్న ఒక కూలి. పొలం విడిచి వచ్చి కొత్త పట్టణపు ఇటుకలు మోసిన మనిషి ముఖం ఎట్లుంటుందో భిలాయి నటునికి ఎవరూ నేర్పవలసిన పని లేదు. ఆ ముఖాలు ఆ పట్టణంలో ఎప్పటినుండియో ఉన్నవి.

ఈ నటుల వృత్తిజీవితాలను వరుసగా చూచినప్పుడు ఒక సంగతి స్పష్టమవుతుంది. వారిని ఢిల్లీ నటులుగా చేయలేదు. వారిని వారి భాషలో, వారి నడకలో విడిచిపెట్టినప్పుడే ఢిల్లీ, ఎడింబరో వారి వద్దకు వచ్చినాయి. దర్శకుని గొప్పతనం వారికి నేర్పడంలో కంటె, తాను నేర్చినదానిని వారికోసం మరచిపోవడంలో ఉన్నది. కాని కళను గుర్తించిన సమాజం కళాకారుని జీవికను గుర్తించడంలో వెనుకబడినది. బ్రెనన్‌కు మూడు బహుమతులు వచ్చిన దేశంలో సహాయ నటుని పని ఒక ఉద్యోగం. మన దేశంలో అది చాలకాలం ఒక వ్యసనంగానో, కులవృత్తిగానో, దయతలచి ఇచ్చే సన్మానంగానో మిగిలినది. బహుమతి పత్రం ఇంటి గోడకు అలంకారం అవుతుంది. ముసలితనంలో మందుకు, బియ్యానికి కావలసినది నెలనెలా వచ్చే జీతం.

గ్రంథాలలో చరణదాసు పేరు నిలుస్తుంది. దానిని వ్రాసినవారి పేరు, ఆడించినవారి పేరు నిలుస్తాయి. మదన్‌లాల్, ఠాకూర్ రాం, భుల్వా రాం, లాలూ రాం, ఫిదాబాయి, మాలాబాయి, గోవిందరాం - ఈ పేర్లను కూడా వాటి పక్కనే వ్రాయవలసి ఉన్నది. కొలిమిలో కరిగిన ఇనుము రైలుపట్టాలై దేశమంతటా వ్యాపించినప్పుడు దానిని తవ్వినవాడెవడో మనం అడుగలేదు. కనీసం నటుని విషయంలోనైనా ఆ ప్రశ్న అడగడం మన విధి.